వెనక వరుసలోని గొంతు

“నీ ఇష్టం” అని మామగారు తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకోవడంతో పోయిన వారం కథ ఆగింది. ఆ ఇంట్లో ఆయన “వద్దు” అంటే వాదించవచ్చు, “చూద్దాం” అంటే ఆశ పెట్టుకోవచ్చు. “నీ ఇష్టం” అంటే మాత్రం ఎవరికీ ఏమీ పాలుపోదు. పెళ్లయి వచ్చిన తొమ్మిదేళ్లలో కోడలు ఆ మాట అంతకుముందు ఒక్కసారే విన్నది, వంటగది గోడలకు రంగు మార్పించినప్పుడు. ఆ తర్వాత ఏడాదిపాటు ఆయన వంటగది గుమ్మం దాటి లోపలికి రాలేదు. మంచినీళ్లు కావలసినా బయటే నిలబడి అడిగేవారు.

ఈ వారమే కథ అందుకున్నవాళ్లకు నాలుగు మాటలు చెప్పాలి. చూపు లేనివాళ్ల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసిపెట్టే చిన్న గ్రంథాలయంలో ఈ కథ నడుస్తుంది. రెండు గదులు, ఒక వరండా, చప్పుడు చొరబడకుండా నాలుగు గోడలకూ మందపాటి దుప్పట్లు కట్టిన రికార్డింగు గది, అంతే దాని వైభవం. రోజూ ఉదయం ఏడింటికి అక్కడికి ఫోను చేస్తే, ఆ రోజు తేదీ చెప్పి, నడుస్తున్న నవలలోంచి ఒక అధ్యాయం వినిపిస్తుంది. మూడు వందల పదకొండు మంది వింటారు. వాళ్లలో ఒక ముసలి దర్జీ ఉన్నాడు. అధ్యాయం అయ్యేదాకా ఇంట్లో ఎవరినీ తుమ్మనివ్వడట. పుస్తకాలు చదివేది అత్తగారు. వాటిని వినిపించే కంప్యూటరును పంతొమ్మిదేళ్ల కిందట నిలబెట్టింది మామగారు. రెండేళ్ల కిందట ఆయనకు చూపు మందగించడంతో ఆ పని కోడలి చేతికి వచ్చింది.

ఆ కంప్యూటరు నడిచేది ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద. ఇప్పుడు ఊళ్లో ఫోను లైన్లన్నీ మార్చేస్తున్నారు. కొత్త లైనుతో వచ్చిన పెట్టె లినక్స్ అనే ఇంకో సిస్టమ్‌తో తప్ప మాట కలపదు. రెండూ యూనిక్స్ వంశానివే. ఒకే ఇంటికి వచ్చిన తోడికోడళ్ల లాంటివి. పని చేసే తీరు ఒకటే, వాడే గిన్నెలు ఒకటే. కానీ ఉప్పు డబ్బా ఒకరు పెట్టిన చోట రెండోవారు చచ్చినా పెట్టరు. శనివారం సాయంత్రం ఆరింటికి పాత లైను తీసేస్తారు. ఆదివారం ఉదయం ఏడింటికి కొత్త కంప్యూటరు నోరు విప్పి తీరాలి. పాతదాన్ని మార్చేద్దామని కోడలు అడిగినందుకే మామగారు ఆ “నీ ఇష్టం” అన్నది.

ఇక శనివారం మధ్యాహ్నంలోకి వద్దాం.

రెండు దాటింది. యంత్రాల గదిలో పాత కంప్యూటరూ కొత్తదీ ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని ఉన్నాయి. పాతదాని పంకా గుర్రుపెట్టి నిద్రపోతున్న మనిషిలా శబ్దం చేస్తోంది. కొత్తది నడుస్తోందో లేదో చెవి ఆనిస్తే గాని తెలియదు. రెండింటి మధ్య ఒక పసుపు తీగ. గురువారం నుంచి ఆ తీగ గుండా పుస్తకాలు ఒక్కొక్కటే ఇటు నుంచి అటు నడిచి వెళ్లాయి. మొత్తం తొమ్మిది వేల ఎనిమిది వందల నలభై ఆరు ఫైళ్లు. వెళ్లిన ప్రతి ఫైలుకూ కోడలు రెండు వైపులా వేలిముద్ర లాంటి ఒక గుర్తు తీయించి, రెండింటినీ సరిపోల్చింది. ఒంటిగంటకు ఆఖరి గుర్తు కూడా సరిపోయింది. ఒక్క అక్షరం కూడా దారిలో జారిపోలేదు.

ఆమెకు ప్రాణం కుదుటపడింది. ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా తెరిచి నింపాదిగా భోజనం చేసింది. చేతులు కడుక్కుని వచ్చి, రేపటి అధ్యాయం సిద్ధం చెయ్యమని కొత్త కంప్యూటరును అడిగింది. అందుకు మామగారు ఎప్పుడో రాసిపెట్టిన ప్రోగ్రాము ఒకటి ఉంది. రేపటి తేదీ ఏమిటో కనుక్కుని, ఇప్పటిదాకా ఏ అధ్యాయం అయిందో చూసుకుని, దాని తర్వాతిది తీసి వరుసలో పెడుతుంది. పంతొమ్మిదేళ్లలో ఒక్కరోజు కూడా మొరాయించలేదు.

కొత్త కంప్యూటరు మొదటి అడుగులోనే కూలబడింది. మీరు తేదీ అడుగుతున్న పద్ధతి నాకు తెలియదు, అని ఒక్క ముక్క రాసి ఊరుకుంది.

కోడలు ఆ ప్రోగ్రాము తెరిచి చూసింది. నాలుగు వందల పైచిలుకు వరుసలు. మధ్యమధ్య మామగారు తనకోసం తాను రాసుకున్న మాటలు తప్ప, ఎక్కడా ఒక వివరణ లేదు. ఆ మాటలైనా ఏమిటి? ఒక చోట “ఇది ముట్టుకోవద్దు” అని ఉంది. ఇంకొంచెం కిందికి వెళితే “ఇది కూడా” అని ఉంది.

ఆమె ఫోను చేతిలోకి తీసుకుంది. భర్తకు ఫోను చేద్దామా అనుకుంది గాని, ఆయన సంగతి తెలిసిందే. బడిలో లెక్కల మాస్టారు. ఎంత చిక్కు లెక్కయినా పిల్లలకు విడమరిచి చెబుతాడు గాని, తండ్రికీ భార్యకీ మధ్య మాట వస్తే మాత్రం ఉన్నట్టుండి బజారులో పని గుర్తొస్తుంది. గ్రంథాలయ కార్యదర్శిని అడిగితే ఆయన కంగారుపడి ఇంకో పదిమందిని కంగారుపెడతాడు. ఉన్నదల్లా ఒక్కటే దారి. ఆ దారి తలుపు వేసుకుని కూర్చుంది.

సరిగ్గా అప్పుడే వరండాలో చేతికర్ర చప్పుడు వినిపించింది.

మామగారు గుమ్మం దగ్గర ఆగారు. ఇంట్లో కట్టుకునే బట్టల్లోనే, నాలుగు వీధులు దాటి, ఎండలో ఒక్కరే నడిచి వచ్చేశారు. నుదుటి మీద చెమట తుడుచుకున్నారు. లోపలికి రాకుండానే చెవి ఒగ్గి నిలబడ్డారు. పాతదాని పంకా చప్పుడు వింటున్నారని కోడలికి అర్థమైంది.

“ఏమంటోంది?” అని అడిగారు చివరికి.

“రేపు అంటే ఏమిటో తెలీదంటోంది మావయ్యగారూ.”

ఆయన ఆ మాటకు నవ్వుతారేమోనని చూసింది. నవ్వలేదు. వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. ముందు పాతదాని డిస్కులు ఎక్కడున్నాయని అడిగారు. ఎక్కడివక్కడే ఉన్నాయని ఆమె చెప్పింది. తను దాని మూత కూడా విప్పలేదని, అందులోంచి చదవడమే తప్ప అందులో ఒక్క అక్షరం రాయలేదని, కొత్తది ఒక వారం సరిగ్గా నడిచేదాకా పాతదాన్ని ఆర్పే ఉద్దేశమే లేదని వివరంగా చెప్పింది. ఆయన సరేనన్నట్టు తల ఊపారు గాని, మాట నమ్మి ఊరుకోలేదు. కింద కూర్చుని, జేబులోంచి చిన్న టార్చి తీసి, బల్ల వెనక్కి వంగారు. కనపడీ కనపడక, తీగలను ఒక్కొక్కటే చేత్తో తడుముతూ లెక్కపెట్టారు. ఒకసారి లెక్కపెట్టి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు.

మూడోసారి కూడా లెక్కకు దిగేసరికి కోడలు వచ్చి పక్కనే కూర్చుంది.

“మావయ్యగారూ, ఏమైంది?” అంది మెల్లగా.

ఆయన టార్చి ఆర్పేశారు. నేల మీదే, గోడకు వీపు ఆనించి కూర్చున్నారు. లేవమని ఆమె చెయ్యి అందించబోతే వద్దన్నారు.

“ఆ రోజు నేను తలుపేసుకున్నది నువ్వు తప్పు చేస్తున్నావని కాదమ్మాయ్,” అన్నారు. “నేను చేసింది గుర్తొచ్చి.”

ఇక ఆ తర్వాత ఆయన ఆగలేదు. రోజుకు పది మాటలు ఖర్చుపెట్టడానికి కూడా వెనకాడే మనిషి ఏకబిగిన అరగంట మాట్లాడారు.

పంతొమ్మిదేళ్ల కిందట కూడా ఇలాంటి మార్పే జరిగింది. అంతకుముందు గ్రంథాలయంలో ఎవరో దానంగా ఇచ్చిన పెద్ద కంప్యూటరు ఉండేది. అది నడిచేది వేరే యూనిక్సు మీద. దాన్ని వదిలి ఫ్రీబీఎస్‌డీకి మారాలని పట్టుబట్టింది మామగారే. అప్పట్లో ఆయనకు తన చేతి మీద ఎంత నమ్మకమంటే, పనికి కూర్చునేటప్పుడు కాగితం మీద ఏమీ రాసుకునేవారు కాదట. పాత పద్ధతిలో డిస్కులను లెక్కపెట్టే వరుస ఒకటి, కొత్తదానిలో వరుస ఇంకొకటి. ఆయన ఖాళీ డిస్కు అనుకుని శుభ్రం చెయ్యమన్నది పుస్తకాలున్న డిస్కును.

“నిజంగా చెరిపెయ్యమంటావా అని అది అడిగింది కూడా,” అన్నారు మామగారు. “అవునని కొట్టింది నేనే.”

పదకొండు పుస్తకాలు పోయాయి. మిగతావాటికి నకళ్లు ఉన్నాయి. ఆ పదకొండింటికి లేవు. మర్నాడు కార్యదర్శి వచ్చి అడిగితే, డిస్కు కాలిపోయిందని చెప్పారు. కాలిన వాసన కూడా వచ్చిందని ఒక మాట కలిపారు. అందరూ అయ్యో అన్నారు. అత్తగారు మాత్రం ఏమీ అనలేదు. ఆ వారమే మొదటి పుస్తకం దుమ్ము దులిపి, మళ్లీ మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారు. ఎనిమిది నెలలు పట్టింది. మధ్యలో ఒకసారి గొంతు పూర్తిగా పోయి, పదిహేను రోజులు ఇంట్లో పలక మీద రాసి చూపిస్తూ గడిపారు.

“ఒక పుస్తకంలో తల్లి ఉత్తరం చదివే ఘట్టం ఉంటుంది. మొదటిసారి చదివినప్పుడు మీ అత్తయ్య అక్కడ ఏడ్చింది. రెండోసారి కూడా సరిగ్గా అక్కడే ఏడ్చింది. నేను బయట బల్ల మీద కూచుని వింటున్నాను. లోపలికెళ్లి చెప్పేద్దామని లేచాను. లేచి, నీళ్లు తాగి, మళ్లీ కూచున్నాను.”

ఆ తర్వాత చెప్పే సమయం రాలేదు, లేదా వచ్చినప్పుడల్లా ఆయనే దాన్ని దాటేశారు. నెలలు ఏళ్లయ్యాయి. ఆ ఏళ్లన్నీ ఆయన ఆ కంప్యూటరును కంటికి రెప్పలా చూసుకున్నారు. ఎవరైనా దాన్ని మార్చాలంటే ఒంటికాలి మీద లేచేవారు. ఆయనకు ఫ్రీబీఎస్‌డీ అంటే వల్లమాలిన అభిమానమని ఊరంతా అనుకుంది. కోడలు కూడా అలాగే అనుకుంది. తీరా చూస్తే అది అభిమానం కాదు, మళ్లీ ఆ ప్రశ్నకు అవునని కొట్టవలసి వస్తుందన్న భయం.

కోడలికి ఓదార్చే మాటలు చాలా తోచాయి. ఏదీ ఆయన వయసుకు, ఆయన మోసిన బరువుకు సరిపోయేలా లేదు. అందుకని ప్రోగ్రాము మొదటి వరుసను తెర మీదికి తెచ్చింది.

“మీ రాత నాకు కొరుకుడు పడటం లేదు మావయ్యగారూ,” అంది. “ఆరింటికి లైను తీసేస్తారు. నేను చదువుతాను, మీరు చెప్పండి.”

మామగారు ఆమె వైపు చూశారు. తర్వాత లేచి, బట్టలు దులుపుకుని, స్టూలును కొత్త కంప్యూటరుకు దగ్గరగా జరుపుకున్నారు.

పని మొదలైంది. కోడలు ఒక్కొక్క వరుస పైకి చదువుతుంది. ఆయన కళ్లు మూసుకుని వింటారు. పాతదానిలో దాని భావం ఏమిటో ఆయన చెబుతారు, కొత్తదానిలో అదే భావాన్ని ఎలా రాయాలో ఆమె వెతుకుతుంది. రేపటి తేదీ అడిగే పద్ధతి వేరు. ఫైలులో ఒక మాట తీసి ఇంకో మాట పెట్టమనే పద్ధతిలో ఒక చిన్న గుర్తు తేడా. కొన్ని పనిముట్లు ఉండే అలమరే వేరు. మొత్తం ఇరవై ఏడు చోట్ల తేడాలు తేలాయి. పదో చోటికి వచ్చేసరికి మామగారు వరుస పూర్తికాకముందే భావం చెప్పేస్తున్నారు. పదిహేనో చోట, తను రాసిన ఒక డొంకతిరుగుడు వ్యవహారం విని, “ఎవడు రాశాడో గాని, వాడికి జీతం ఇవ్వకపోవడమే మంచిదైంది,” అన్నారు. కోడలు పకపకా నవ్వింది. ఆయనా నవ్వారు. ఆ గదిలో వాళ్లిద్దరూ కలిసి నవ్వడం అదే మొదలు.

“ముట్టుకోవద్దు” అని రాసిన చోటికి వచ్చాక, ముట్టుకోవచ్చా అని ఆమె అడిగింది. ఆయన కాసేపు ఆలోచించి, అది ఎందుకు రాశారో తనకూ గుర్తులేదని ఒప్పుకున్నారు. ముట్టుకున్నారు. ఏమీ కాలేదు.

నాలుగున్నరకు ఆఖరి వరుస అయింది. మామగారు వేళ్లు విరుచుకున్నారు. అత్తయ్యకు చెబుతారా అని కోడలు అడగాలనుకుంది గాని, ఎలా అడగాలో తెలియక తీగలు సర్దుతున్నట్టు తల వంచుకుంది. ఆయనే గ్రహించారు.

“ఈ రోజే చెప్తాను,” అన్నారు. “ఇంటికెళ్లి, కాళ్లు కడుక్కునేలోపే చెప్తాను. ఆ తర్వాతయితే మళ్లీ ధైర్యం చాలదు.”

ఆమెకు ఒళ్లు తేలికైనట్టనిపించింది. బరువు ఆయనదైతే తనకెందుకు తేలికవుతుందో ఆమెకు తెలియలేదు. ఇద్దరూ సర్దుకుని కూర్చున్నాక, రేపటి అధ్యాయం సిద్ధం చెయ్యమని కొత్త కంప్యూటరును మళ్లీ అడిగింది. ఈసారి అది మారుమాట్లాడలేదు. కనురెప్ప పాటులో సిద్ధమంది. ఆమె వినిపించమంది.

మొదట అత్తగారి గొంతు వచ్చింది. “ఈ రోజు ఆదివారం,” అని మొదలుపెట్టి తేదీ తప్పు లేకుండా చెప్పింది. మామగారు మోకాలి మీద చరుచుకున్నారు. ఆ వెంటనే నవల అందుకుంది. పడవలు చేసే వడ్రంగి కథ అది. ఇరవై మూడో అధ్యాయం. రేపు రావలసింది సరిగ్గా అదే.

గొంతు మాత్రం అత్తగారిది కాదు.

ఎవరో ఆడమనిషి చదువుతోంది. వయసు పోల్చుకోవడం కష్టం. అత్తగారిలా స్పష్టంగా, నిలకడగా కాదు. ఒక్కో మాట ముందు కొంచెం ఆగి, దాన్ని నాలుక మీద పెట్టి చూసి, అప్పుడు వదులుతున్నట్టుంది. వడ్రంగి కొడుకు మీద విసుక్కునే చోట ఆమె గొంతులో ఎంత ముద్దుగా విసుగు పలికిందంటే, కంగారులో ఉండి కూడా కోడలి పెదవుల మీద నవ్వు కదిలింది.

“ఎవరిది?” అన్నారు మామగారు.

“తెలీదు మావయ్యగారూ. మీకు?”

“ఎప్పుడూ వినలేదు.”

కోడలు అది నడుస్తుండగానే ఫైళ్ల వరుస తెర మీద తెరిచింది. చూడగానే సంగతి బోధపడింది. అత్తగారు చదివిన అధ్యాయాల పేర్లన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఉన్నాయి. వాటి పక్కనే, అచ్చం అవే పేర్లతో, చిన్నక్షరాల్లో ఇంకో జట్టు ఉంది. పాత కంప్యూటరు పెద్దక్షరాల పేర్లన్నిటినీ ముందు వరుసలో నిలబెట్టి, చిన్నక్షరాల వాటిని వెనక్కి నెట్టేది. ఆ వెనక వరుసదాకా ఎవరి చూపూ పోలేదు. కొత్తది పెద్దా చిన్నా తేడా పాటించకుండా, ఒకే పేరున్న రెండింటినీ జంటగా పక్కపక్కన నిలబెట్టింది. ఇరవై రెండు తర్వాతిది ఏదని అడిగితే, ముందు దొరికిన చిన్నక్షరాల ఇరవై మూడును తీసి చేతిలో పెట్టింది. దాని తప్పేమీ లేదు. ఫైళ్ల లెక్క సరిపోయింది గనుక పేర్లు చదవాలని కోడలికే తోచలేదు, అంతే.

పాత పద్ధతిలోనే వరుస పెట్టమని ఒక్క ముక్క రాస్తే చాలు. అదెంతసేపు? రాసేసింది. రేపు ఉదయం దర్జీ అత్తగారి గొంతే వింటాడు. కానీ వినిపిస్తున్నదాన్ని ఆపడానికి మాత్రం ఆమెకు మనసొప్పలేదు. మామగారు కూడా చెయ్యి ఎత్తి, ఉండనిమ్మని సైగ చేశారు.

“బాగా చదువుతోంది,” అన్నారు మెల్లగా.

నిజంగానే బాగుంది. ఇద్దరూ అలాగే కూర్చుని అధ్యాయమంతా విన్నారు. ఆ గ్రంథాలయంలో ఒక ఆనవాయితీ ఉంది. ప్రతి అధ్యాయం చివర, రికార్డు చేసిన తేదీ చదివినవాళ్లే చెబుతారు. ఎప్పటివో పాత రికార్డింగులు అయివుంటాయని, చెరిగిపోయిన ఆ పదకొండింటి కాలం నాటి సంగతి ఏదో బయటపడుతోందని కోడలు అనుకుంటూ ఉంది. ఆ గొంతు చివరికి వచ్చి, ఊపిరి తీసుకుని, తేదీ చెప్పింది.

పోయిన నెల పన్నెండు.

కోడలు మామగారి వైపు చూసింది. ఆయన కూడా ఆమె వైపే చూస్తున్నారు. రికార్డింగు గదికి ఉన్నవి రెండే తాళంచెవులు. ఒకటి ఆమె దగ్గర ఉంటుంది. ఇంకొకటి అత్తగారి దగ్గర.

“మళ్లీ పెట్టు,” అన్నారు మామగారు.

పెట్టబోతుండగా గుమ్మంలో వెలుగు తగ్గింది. అత్తగారు నిలబడి ఉన్నారు, చేతిలో టీ ఫ్లాస్కుతో. ఎప్పుడు వచ్చారో, ఎంతసేపటి నుంచి వింటున్నారో తెలియదు. కోపంగా లేరు. చాటుగా చేసిన అల్లరి అందరిముందూ బయటపడిపోయిన బడిపిల్లలా, నవ్వు ఆపుకోవాలని చూస్తూ, ఆపుకోలేకపోతున్నారు.

“అయితే దొరికిపోయాం అన్నమాట,” అన్నారు.

అని, పక్కకు తప్పుకుని, వరండాలో తన వెనక నిలబడ్డ మనిషికి దారి ఇచ్చారు.